పెళ్ళి పిలుపులకు పోయిన కారు

కోడూరు,
బుధవారం మధ్యాహ్నం.

చెల్లెలు కామమ్మకు,

మేమిక్కడ క్షేమం. పెళ్ళికొడుకూ క్షేమమే, పులుసన్నం తిని ఇప్పుడే నిద్రపోయినాడు.

నీ కొడుకు పెళ్ళి రేప్పొద్దున తొమ్మిదింటికని నాకూ తెలుసు. కారు తోలడం వచ్చింది వాడొక్కడికే గదా, అందుకని వాణ్ణే వెంటబెట్టుకొని శుభలేఖలు పంచను పోయినాను. తుమ్మలపెంటలో రొయ్యల వేపుడు తిననిదే కదలనియ్యలేదు. ఇస్కపల్లిలో సముద్రస్నానాలు చేస్తా రెండ్రోజులుండిపోయినాము. మైపాడులో మేము టీ తాగతా ఉంటే, మేము పిలిచినవాళ్ళే బస్సు నిండా ఎక్కి మీ ముత్తుకూరు పోతా చేతులూపినారు. నీ కొడుకు చిన్నపోలయ్య కూడా చెయ్యూపి, "వీళ్ళెవరి పెళ్ళికో పోతుండారు మామా" అన్నాడు.

నిన్న కోడూరొచ్చి, మా ఇంటి ముందర కారాపి, నువ్విచ్చిన జాబితా మళ్ళీ చూసినాను. అరవై ఇళ్ళుండాయి. మా ఇల్లు లేదు. సముద్రం పొడుగునా ఇంటింటికీ పోయి పిలిచింది నేను. మీ వదినకు బొట్టు పెట్టి పిలిచినవాళ్ళు మాత్రం లేరు. సొంత అన్నకు పిలుపెందుకులే అనుకున్నావేమో.

మీ వదిన పేరమ్మ అరుగు మీద పీటేసుకొని కూర్చోనుంది. కారు తాళంచెవి ఆమె కొంగున ముడేసుంది.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. అదే బస్సు సాయంత్రం ఇటు తిరిగొస్తుంది. కుంకుమ భరిణె తీసుకొని దాంట్లో రా. మర్యాదగా పిలిస్తే మేమూ పెళ్ళికొస్తాము. వచ్చేటప్పుడు నీ కొడుకును కూడా తెస్తాము.

ఇట్లు,
పిలుపు రాని నీ అన్న