రబ్బరు రింగు

ఆదోని,
ఆదివారం.

మహాదేవమ్మా,

నీ పాత మౌంటెన్ సైకిలును పాత ఇనుముకు వేసెయ్యమని నా రిపేరు అంగట్లో వదిలి వెళ్ళావు కదా, నిన్న దాన్ని విప్పడానికి కూర్చున్నాను. ముందు షాకబ్జరు గొట్టానికి పోయినేడు నేను తొడిగిన రబ్బరు రింగు ఇంకా ఉంది. గుంతలో షాకబ్జరు ఎంత దిగితే ఆ రింగు అంత పైకి జరిగి, అక్కడే ఆగుతుంది. హాలహర్వి గుంతల దారిలో ఏడాదంతా నువ్వు బడికి తిరిగినా అది వేలెడు కూడా జరగలేదు. నేను ఎక్కి ఒక్కసారి ఊగేసరికి సగానికి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ షాకబ్జరు తెప్పించేటప్పుడు బెంగళూరు అంగడాయన ఫోనులో, "ఎక్కేవాళ్ల బరువెంత? దాన్ని బట్టే స్ప్రింగు వేస్తాం" అని అడిగాడు. గట్టి స్ప్రింగైతే ఎక్కువకాలం వస్తుందని నా బరువే చెప్పాను, తొంభై కిలోలు. నువ్వు అందులో సగం ఉంటావు.

"అన్నా, ఇది దిగడంల్యా, మణికట్లు నొస్తాండాయి" అని నువ్వు మూడుసార్లు చెప్పావు. "కొత్తది గదా, వాడితే అదే మెత్తబడతాదిలే. టీచరమ్మవి, సైకిలు సంగతి నీకేం తెలుసు?" అన్నాను. బోర్డు మీద రాయడానికి కూడా నీకు చెయ్యి లేవడం లేదని మీ వదిన చెబితే గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు నీ బరువుకు సరిపోయే మెత్తటి స్ప్రింగు వేశాను. డాక్టరు ఇక సైకిలు వద్దన్నాడని తెలుసు. తొక్కవద్దు. ఒక్కసారి వచ్చి ఊరికే కూర్చో, నేను పట్టుకుంటాను. ఆ రింగు నీ బరువుకు కదలడం చూడాలని ఉంది.

నీ అన్న