మిగిలిన సగం స్ప్రింగు

వదినా,

ఆదివారం అన్నయ్యగారిని వాటర్‌ఫోర్డ్‌లో మా ఇంటికి పంపకండి. షెడ్డులో మీ తమ్ముడి సామాను ఎవరికీ ఇవ్వను. ఆయన పోయాక ఆ మిషన్లు నీకెందుకని మీరు ఫోన్లో అడిగారు కదా, ఎందుకో రాస్తున్నాను.

మీ అమ్మాయి ఆశ్రిత కోసం ఆయన మొదలుపెట్టిన వెండి గొలుసు పూర్తిచేద్దామని నిన్న షెడ్డులోకి వెళ్ళాను. తీగని ఆయనే స్ప్రింగులా చుట్టి ఉంచారు. దాన్ని నిలువునా కోస్తే రింగులు రాలతాయి. అది మాకెప్పుడూ ఇద్దరి పని. స్ప్రింగుని గాడి చెక్కలో అదిమిపట్టి నేను కూర్చునేదాన్ని, బల్లకి బిగించిన రంపపు చక్రాన్ని ఆయన నడిపేవారు. పట్టు సడలితే "గట్టిగా పట్టవే" అని కసిరేవారు.

నిన్నా అలవాటు కొద్దీ నా స్టూలు మీద కూర్చుని, చెక్క పట్టుకుని, "ఊఁ, కానివ్వండి" అన్నాను. చక్రం తిరిగింది. రింగులు టపటపా గిన్నెలో పడ్డాయి. సగం కోశాక ఆగింది.

స్విచ్చి నేను నొక్కలేదని టీ పెట్టుకోవడానికి ఇంట్లోకొచ్చాక గానీ తట్టలేదు. ఆ మిషను నడిచేది బ్యాటరీ మీద. అది వంటింట్లో ఛార్జరులోనే ఉంది, ఆయన పెట్టిన చోటే.

మీరు డాక్టరే గానీ, దీనికి నాకు మందు రాయకండి. కొన్ని రింగులు ఈ కవర్లో పెట్టాను, తడిమి చూడండి. ఒక్కటీ వంకర పోలేదు.

గొలుసు పొట్టిదే అవుతుందని ఆశ్రితకి చెప్పండి. మిగిలిన సగం నేను కొయ్యను. అదీ అయిపోతే ఇక ఆయనకి అక్కడ పనుండదు.

మీ మరదలు