గంట చదివిన నా ప్రార్థన

ఆగస్టు 9, శనివారం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ కూతురి వందనాలు. ఆయన కృప వల్ల ఇక్కడ మా గదిలో ముగ్గురం బాగున్నాం. నీ కాలి కట్టు విప్పేశారని నాన్న రాసిన నాలుగు ముక్కలు చదివి ప్రాణం కుదుటపడింది.

ఈ రోజు కళ్ళు తెరవగానే ఒక వింత చూశాను. నా మంచానికి అటొకరు ఇటొకరు మోకాళ్ళ మీద ఉండి, దుప్పటి మీద తల వాల్చి, నా గది స్నేహితురాళ్ళు గంటా పిల్లీ గాఢంగా నిద్రపోతున్నారు. నేను లేవకముందే నా కోసం ప్రార్థన మొదలుపెట్టారట, ‘ఆమేన్’ దాకా చేరలేకపోయారు. గంట సంగతి నీకు తెలిసిందే, నోరు విప్పితే హాస్టలంతా లేస్తుంది. పిల్లి అని మేం ముద్దుపేరు పెట్టిన అమ్మాయి మా గదికి కొత్త. అడుగుల చప్పుడు వినపడదు, పాలు మాత్రం మిగలనివ్వదు.

ఇక నీ ప్రశ్నలు. వేళకు తింటున్నాను. చదువు సాగుతోంది. ఈ మధ్య మాటల మీద మోజు పుట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ‘ఓపిక’ ఒక్కదానితోనే సరిపెట్టుకున్నాను. మొన్న ‘ఓరిమి’ కనిపించింది. ఎంత మెత్తగా ఉందో చూడు, దిండులాగా. ‘ఎప్పుడు ఫోన్ చేసినా నువ్వు స్నానం చేస్తున్నావంటుంది ఆ గంట. ఇన్ని స్నానాలు చేస్తే ఒళ్ళు అరిగిపోదూ?’ అని అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి చెబుతాను.

ముందు మొన్న బుధవారం జరిగింది విను. సాయంత్రం కూడికలో వరసగా ఒక్కొక్కరూ పైకి ప్రార్థించడం మా అలవాటు. నా గొంతు బాగాలేదు. వరస తప్పడం ఇష్టంలేక, నా ప్రార్థన కాగితం మీద రాసి గంటకిచ్చాను. రోజూ దేవుడికి చెప్పుకున్నట్టే రాసేశాను, చదివేది ఎవరో అన్న ధ్యాసే లేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. గంట గంభీరంగా అందుకుంది.

“ప్రభువా, నా చదువును నీ చేతికి అప్పగిస్తున్నాను. మా అమ్మ కాలిని ముట్టి స్వస్థపరచు. పక్క మంచం మీద రంపం కోసినట్టు గురక పెట్టే నా స్నేహితురాలిని భరించే ఓరిమి నాకు దయచేయి.”

అక్కడ ఆగింది. ఎవరో అలవాటు కొద్దీ ‘ఆమేన్’ అన్నారు. గంట ఊపిరి పీల్చుకుని, కాగితంలో లేని మాట కలిపింది.

“ప్రభువా, ఈ పిల్ల చెప్పింది నిజమే. కానీ అది నా చేతుల్లో లేదని నీకు తెలుసు కదా.”

పాస్టరమ్మ గారు నవ్వు ఆపుకోలేక కూడిక అక్కడితో ముగించేశారు.

నవ్వుతున్నావు కదా, ఆ నవ్వు మీదే చెప్పేస్తాను. గొంతు బాగాలేనిది ఆ ఒక్క రోజే కాదమ్మా. నీ కాలి ఆపరేషన్ అయిన వారంలోనే నా గొంతు పోయింది. జలుబును లెక్కచేయకుండా టీచరు శిక్షణలో భాగంగా బడి పిల్లలకు పాఠాలు చెప్పాను, ఆదివారం పాటలూ పాడాను. గొంతులో బొడిపె వచ్చిందనీ, గుసగుసలు కూడా ఆడకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. తగ్గకపోతే కోయాలి, ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో మాట ఇవ్వలేనంది. గొంతు లేని టీచరు ఎక్కడైనా ఉంటుందా? మంచం మీద ఉన్న నీకు ఈ సంగతి ఎలా చెప్పను? అందుకే అన్ని స్నానాలు.

ఒక సాయంత్రం పలక మీద రాశాను: ‘పాఠాలు చెప్పడానికే దేవుడు నన్ను పిలిచాడనుకున్నాను. మరి నోరెందుకు మూశాడు?’ గంట ఏదో వాక్యం వల్లిస్తుందనుకున్నాను. పలకను తన ఒళ్ళోకి తీసుకుంది.

“ఆయన ఏం చేస్తున్నాడో నాకూ తెలీదే. నీకు గొంతొచ్చేదాకా నీ మాట నేను మాట్లాడతా. నాకు తెలిసింది అంతే.”

అన్నట్టే మాట్లాడింది. క్లాసులో నా జవాబులు, కొట్లో నా బేరాలు, చివరికి పిల్లితో నా పోట్లాటలు కూడా. నా తరఫున పిల్లిని తిట్టి, పిల్లి తరఫున నన్ను తిట్టేది. దేవుడి ఆలోచన నాకింకా పూర్తిగా అర్థం కాలేదమ్మా. కానీ అర్థమయ్యేదాకా ఒంటరిగా ఉండమని ఆయన అనలేదు.

ఈ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ నా వెంట ఆసుపత్రికి వచ్చారు. బొడిపె కరిగిపోతోందట. కోత అవసరం లేదు. వచ్చే నెల పరీక్ష పాఠం చెప్పుకోవచ్చు. పాటలు మాత్రం ఈ ఏడాది వద్దంది డాక్టరమ్మ. ఆ మాటకు కాస్త ఏడ్చాను, దాచను. పాట లేని ఏడాదిని కూడా ఆయన చేతిలో పెట్టగలనని ఇప్పుడు అనిపిస్తోంది.

పాస్టరమ్మ గారు ఈ సాయంత్రం మన ఊరి బస్సు ఎక్కుతున్నారు. ఈ ఉత్తరం తెల్లవారేసరికి నీ చేతిలో పెడతారు. రేపటి నుంచి పూటకు కొన్ని మాటలే పలకమంది డాక్టరమ్మ, అదీ పెదవులు కలిసే మాటలతో మొదలుపెట్టమంది. రేపు పొద్దున ఆరాధనకు వెళ్ళేముందు నేనే ఫోన్ చేస్తాను. గొంతు బొంగురుగా ఉంటుంది, ఎవరో అనుకుని పెట్టేయకు. నేను ‘అమ్మా’ అంటాను. మిగతాదంతా నువ్వే మాట్లాడాలి.

ఇట్లు,
మాటలు కూడబెట్టుకుంటున్న
నీ కూతురు