గోరింట మింగిన మాత్ర

తిరుపతి,
జూన్ 4

చిరంజీవి కృపామణికి, మీ అయ్యోరు యతిరాజులు ఆశీస్సులు.

పాకాల హైస్కూల్లో నీకు తెలుగు చెప్పినవాణ్ణి, ఈరోజు నీ దగ్గర పాఠం అడుగుతున్నాను. రెండేళ్లుగా నా చెవులు పూర్తిగా పోయాయి. ఫోను నాకు పనికిరాదు, అందుకే ఈ ఉత్తరం.

మా పిల్లి గోరింటకు పదిహేనేళ్లు. కిడ్నీలు చెడి బీపీ పెరిగిందన్నాడు పశువుల డాక్టరు. బతికినన్నాళ్లూ రెండు పూటలా అర మాత్ర వెయ్యాలి. మానితే కళ్లు పోతాయట. ఐదు రోజుల్లో పదిసార్లు వేస్తే ఒక్కటే లోపలికి పోయింది. నా చేతులు ముళ్లకంపలో పెట్టి తీసినట్టున్నాయి. "ముసిల్దాన్ని ఎందుకు సతాయిస్తారు, ఇడిసిపెట్టండి" అని మా ఆవిడ, మీ వరదమ్మగారు, పలక మీద రాసి చూపించింది. నాతో ఏం చెప్పాలన్నా ఇప్పుడు పలకే.

నేను వదలను. నలభై ఏళ్లు పిలకాయల తలల్లోకి ఛందస్సు ఎక్కించినవాణ్ణి, పిల్లి నోట్లోకి అర మాత్ర ఎక్కించలేనా? చిత్తూరులో ఇరవై ఏళ్లుగా నర్సువి. ఉపాయం రాయి.

నీ అయ్యోరు

&nbsp;

చిత్తూరు,
జూన్ 9

గౌరవనీయులైన అయ్యోరికి, మీ కృపామణి నమస్కారాలు.

కవరు మీద మీ అక్షరాలు చూడగానే డ్యూటీ గదిలో తెలియకుండానే లేచి నిలబడ్డాను. పక్క నర్సులు నవ్వారు.

తల ఒక్కటే బయట ఉండేటట్టు గోరింటను తువ్వాల్లో చుట్టండి. వెనకనుంచి పట్టుకోండి, ఎదురుగా పోవద్దు. దవడల మూలల్లో వేళ్లు పెడితే నోరు అదే తెరుస్తుంది. మాత్ర నాలుక మొదట్లో వేసి, నోరు మూసి, గొంతు నిమరండి. నాలుకతో ముక్కు నాక్కుందంటే మింగినట్టే. పిల్లులున్న మా సిస్టరును అడిగి మరీ రాస్తున్నాను.

ఇంకో మాట. ఉప్పు వేయకుండా ఉడికించిన చేప ముక్కలో మాత్ర దాస్తే ఇంత యుద్ధం ఉండదు. మీ ఇంట్లో కుదరదని తెలుసు. నర్సును కాబట్టి చెప్పాలి, చెప్పాను.

మా వార్డులో ఇంతకంటే మొండివాళ్లకు మాత్రలు మింగించాను. మీ గోరింట ఎంత!

మీ శిష్యురాలు
కృపామణి

&nbsp;

తిరుపతి,
జూన్ 25

అమ్మా కృపామణీ,

గెలిచాను!

నీ తువ్వాలుకు నా నెయ్యి జోడించాను. నేతిలో ముంచితే మాత్ర జారిపోతోంది. పది రోజులుగా ఒక్క పూట తప్పలేదు. నిన్న డాక్టరు బీపీ చూసి, చీటీ మీద "బాగా దిగింది అయ్యోరా, మీకు చెయ్యి తిరిగినాది" అని రాశాడు. ఆ చీటీ వీధిలో అందరికీ చూపించాను. వరదమ్మ మాత్రం చదివి, నావైపు చూసి నవ్వి, లోపలికి పోయింది.

చేప మాట మళ్లీ ఎత్తకు. రోజూ గుడిలో గోష్ఠితో కూర్చుని పాశురాలు చదివేవాణ్ణి. అది ఈ చేతికి తగలదు. ఇక అవసరమూ లేదు.

విజయుడైన నీ అయ్యోరు

&nbsp;

తిరుపతి,
జులై 6

అమ్మా కృపామణీ,

వరదమ్మ తమ్ముడింటికని పాకాల పోయింది. రెండో రోజు సాయంత్రం గోరింట నడుస్తూ నడుస్తూ పోయి గుమ్మానికి కొట్టుకుంది. ఎత్తుకుని చూస్తే రెండు కళ్లూ నల్లగా విచ్చుకుని ఉన్నాయి. దీపం చూపించినా రెప్ప వెయ్యలేదు. తువ్వాలు కోసం బియ్యం డబ్బా జరిపితే, దాని వెనక నేతి మాత్రలు మూడు. చీమలు పట్టి ఉన్నాయి.

ఆటోలో పరిగెత్తాను. డాక్టరు తనే మాత్ర మింగించి, "ఈ రెండు దినాలు మందు పడలేదా?" అని రాశాడు. నేనేం చెప్పను? అదే చెయ్యి, అదే నెయ్యి. నిరుడు కాదు, పోయిన వారం మింగిన పిల్లి ఇప్పుడెందుకు ఉమ్మింది? మాత్ర నేలమీద పడిన చప్పుడు చెవులున్న ఎవరికైనా వినబడి ఉండేది.

నా చేతిలోనే అది గుడ్డిదైపోతుందా? వెంటనే రాయి.

యతిరాజులు

&nbsp;

చిత్తూరు,
జులై 9

పూజ్యులైన అయ్యోరికి,

మిమ్మల్ని క్షమించమని అడిగాకే అసలు విషయం రాయాలి.

గోరింట మొదటినుంచీ ఉమ్ముతూనే ఉంది. మీరు అటు తిరగగానే డబ్బా వెనక్కి పోయి ఉమ్మేది. ఆ చప్పుడు వరదమ్మగారికి వినబడేది. ఉమ్మిన మాత్ర కళ్లతో చూసిన పూట మాత్రమే, కొత్త అర మాత్ర కొంగున కట్టుకుని, గోరింటను చంకన పెట్టుకుని, వెనకింటి నాగరత్నమ్మ దగ్గరికి పోయేది. ఆవిడ పులుసులో ఉప్పు పడకముందే తీసిపెట్టిన చేప ముక్కలో మాత్ర దాచి, వరదమ్మగారు తన చేత్తోనే పెట్టేది. నా ఉత్తరం మీకంటే ముందు విప్పింది వరదమ్మగారేనట. ఆరోజే ఫోను చేసింది. "మీ అయ్యోరికి మాత్రం చెప్పొద్దు పాపా" అంది. ఉమ్మింది చూడకుండా రెండోసారి వెయ్యొద్దని షరతు పెట్టి, నేనూ ఒప్పుకున్నాను.

ఎన్నోసార్లు మీ పక్కన కూర్చునే నాతో మాట్లాడింది అయ్యోరూ. మీరు పేపరు చదువుకుంటూ ఉండేవారట.

ఊరికి పోయేముందు మూడు రోజులు మీరు వేసినవన్నీ నిలిచాయి. ఇక ఫరవాలేదనుకుని పోయింది. కోపం వస్తే నామీద చూపించండి.

కృపామణి

&nbsp;

తిరుపతి,
జులై 24

అమ్మా కృపామణీ,

కోపం వచ్చింది. ఒక రోజంతా ఉంది. చేప మీద కాదు. నేను వీధిలో చీటీ చూపించుకుంటూ తిరుగుతుంటే, ఆమె ఒక్కతే ఆ పని మోసిందే అని.

ఊరినుంచి తిరిగొచ్చిన వరదమ్మను "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. పలక మీద నిదానంగా రాసింది: "చెప్తే ఒద్దనేవాళ్లు. ఒద్దన్నాక చేస్తే మీ మాట దాటినట్టు."

"మరి చేప ముట్టిన ఆ చెయ్యి?"

"నీళ్లు పోసుకుంటే చెయ్యి బాగైపోతాది. కన్ను పోతే ఎవురు తెచ్చిస్తారు?"

మరుసటి సాయంత్రం గోరింటను ఎత్తుకుని నేనే నాగరత్నమ్మ పెరట్లోకి పోయాను. ఆవిడ కంగారుగా లేచింది. "అయ్యో సామీ, ఇట్లియ్యండి, నేను పెడతా" అంటున్నట్టు పెదవులు చూసి తెలుసుకున్నాను. వద్దని, ఎలా దాచాలో చూపించమన్నాను. ముక్క మెత్తగా, వెచ్చగా ఉంది. గోరింట నా వేళ్లమధ్యనుంచి ఒక్క గుటకలో మింగి, వేళ్లు కూడా నాకింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి గోష్ఠికి పోయాను. పాశురం ఎక్కడా తడబడలేదు.

కుడి కన్ను తిరిగొచ్చింది. ఎడమది రాదన్నాడు డాక్టరు. గోడ పట్టుకుని నడవడం అదే నేర్చుకుంది. ఉదయం వరదమ్మ వంతు, సాయంత్రం నాది. పది రోజులుగా నేలమీద ఒక్క మాత్ర లేదు. ఈసారి వెతికి మరీ రాస్తున్నాను.

నిన్న నాగరత్నమ్మ ఇంటినుంచి రాగానే వరదమ్మ పలక ఎత్తింది. "చెయ్యి చూపించండి" అని ఉంది. చూపించాను. వాసన చూసి, ముక్కు చిట్లించి, సబ్బు తెచ్చి, ఒక్కొక్క వేలూ తనే కడిగింది.

మీ ఇద్దరికీ శిష్యుడు,
యతిరాజులు