సందు లేని పట్టా

మే 3, ఆదివారం

బొమ్మ రైలు మళ్లీ పడింది. పాయింట్ల దగ్గరే, ఒక పట్టా రెండుగా చీలే చోట. ఇంజను దాటింది, మొదటి పెట్టె దాటింది, రెండో పెట్టె బోర్లా.

పడితే పడనీ! ఈ రోజు నన్ను ఎవరూ ఏడిపించలేరు. రజితకు పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. నా బిడ్డ రైల్వేలో ఇంజనీరు! పట్టాలు చూసే ఇంజనీరు! జూన్ ఒకటిన డ్యూటీలో చేరాలి. ఏడో తరగతిలో బడి మానేసి ఉలి పట్టిన వడ్రంగికి ఇలాంటి కూతురా... ఫోన్ పెట్టేశాక పడిన పెట్టె ముందే నిలబడి చప్పట్లు కొట్టాను.

సలీం చూశాడు. కడప మనిషి, ఈ ఇంట్లో కరెంటు పనంతా అతనిదే, ఇద్దరిదీ ఒకే రూమ్. "ఏందన్నా, రైలు పడిపోతే చప్పట్లు కొడతాండావ్?" అన్నాడు. సంగతి చెప్పాను. నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. అరవై రెండేళ్ల వాడిని!

మే 4

అర్బాబ్‌ను, అంటే మా యజమానిని, లీవు అడిగాను. ఈ బహ్లా ఊరికి వచ్చి ఇరవై ఆరేళ్లు — ఆయన ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ నేనే చేశాను కానీ, ఆయన్ను ఇంత ధైర్యంగా ఏదీ అడగలేదు. మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే హాల్లో, రైలు బల్ల పక్కన కూర్చొని ఉన్నాడు. పన్నెండు అడుగుల బల్ల, నా చేతి పనే. దాని మీద పట్టాలు పరిచిందీ నేనే. చిన్నప్పుడు ఆయనా అన్నగారూ బొంబాయిలో ఉండి చదువుకున్నారట. ఎక్కుదామంటే ఈ దేశంలో రైలు లేదు. ఆ రైలు పిచ్చి బొంబాయిలో అంటుకున్నదే.

పండక్కి ముందు శుక్రవారం, ఇరవై రెండున, అన్నగారు మస్కట్ నుంచి వస్తాడు. "భాయ్ కే సామ్‌నే గాడీ చలేగీ, ఫిర్ తుమ్ జావ్" అన్నాడు. అన్న చూస్తుండగా బండి నడవాలి. ఆ తర్వాత నేను ఇంటికి పోవచ్చు.

న్యాయమే. చేతికి తీసుకున్న పని పూర్తి చేసి పొమ్మన్నాడు, అంతే కదా.

నేను జూన్ ఒకటికి ఊళ్లో ఉండాలి. ఆ పొద్దున రజిత తన చేతికి వచ్చిన పట్టా పక్కన నిలబడుతుంది. ప్యాసింజర్ బండిలో కిటికీ దగ్గర నేను. నా బిడ్డ కాపలా కాసే పట్టా మీద కూర్చొని పోవాలి. వేరే కోరిక ఏదీ లేదు, నిజంగా లేదు.

మే 6

తప్పు దొరికింది! పాయింట్లలో ఒక సన్న పట్టా అటూ ఇటూ జరుగుతుంది, నాలుక లాగా. రజిత వాళ్లు దాన్ని టంగ్ రైలు అంటారట. అది పక్క పట్టాకు పూర్తిగా అతుక్కోవడం లేదు. భూతద్దం పెట్టి చూస్తే మధ్యలో ఎండిన జిగురు బొట్టు, దానిలో ఒక ఇసుక రాయి. పట్టాల కింద కంకర అందంగా ఉండాలని జిగురు పోసింది ఎవరు? నేనే. పాత షేవింగ్ బ్లేడుతో గీకి తీశాను. నాలుక అతుక్కుంది.

మే 7

ఒక పూట నడిచింది. పడింది. అదే చోట.

మే 9

రజితతో వీడియో కాల్. పట్టా చూపించాను. ట్రైనింగ్ ముగించుకొని ఇంటికొచ్చిన పిల్ల, ఎండకు నల్లబడింది, నవ్వు మాత్రం అదే.

"పెట్టెను తిప్పి పెట్టి నడుపు బాపూ. గదే పెట్టె వేరే తాన పడితే పెట్టెది తప్పు. ఏ పెట్టె పెట్టినా గాడనే పడితే పట్టాది తప్పు."

తిప్పి పెట్టాను. పెట్టెలు మార్చాను. అన్నీ అక్కడే పడ్డాయి.

"పట్టాదే" అన్నాను.

"అయితే గేజ్ చూడు. రెండు పట్టాల నడుమ ఎంతుందో."

నాకు చెబుతోంది చూడు! ఉలి అంచు తాకి ఏడ్చిన పిల్ల. కళ్లు తుడుచుకున్నాను. ఆమె వెనక నుంచి వాళ్లమ్మ — "బొమ్మ రైలుకు గింత ఏడుసుడా?" అంది.

మే 10

టేకు ముక్కను పట్టాల మధ్య సరిగ్గా పట్టేలా చెక్కాను. ఒక చివర పెట్టి నెట్టుకుంటూ పోయాను. అంతటా జారింది, పాయింట్లు దాటగానే బిగుసుకుంది. అక్కడ పట్టా వెంట్రుకవాసి లోపలికి ఉంది. మేకులు పీకి, జరిపి, మళ్లీ కొట్టాను.

మే 12

ముప్పై ఒక్క చుట్లు! ఒక్క పెట్టె పడలేదు! నేనూ సలీం పోటీ పడి లెక్కపెట్టాం. సూక్ బజారుకు పోయి హల్వా డబ్బా తెచ్చి వర్క్‌షాపులో అందరికీ పెట్టాను. కూతురు ఇంజనీరు అయినందుకు ఒకసారి పెట్టావు కదా అన్నారు. మళ్లీ పెడితే తప్పా?

మే 15

అర్బాబ్ మూడు రోజులకు మస్కట్ పోయాడు. మజ్లిస్‌లో ఏసీ ఆపేశారు. మధ్యాహ్నం మూడు గంటలకు ఊరికే చూద్దామని పోయి స్విచ్ వేశాను.

పడింది. బల్ల మీదికి వంగి ఒక కన్ను మూసి చూశాను. పట్టా పాము లాగా మెలికలు తిరిగి ఉంది. నిన్న సూటిగా ఉన్న పట్టా!

మే 16

"అతుకుల కాడ గ్యాప్ ఎంత ఇడిసినవ్ బాపూ?"

"గ్యాపా? ఎంటిక గూడ దూరది బిడ్డా. చెయ్యి పెట్టి రాస్తే అతుకు యాడున్నదో దొరకది." గర్వంగానే చెప్పాను.

"అయ్యో! గదే తప్పు. అది దర్వాజ గాదు. ఎండకు ఇనుము పెరుగుతది, జాగ లేకపోతే యాడికి పోవాలె? పక్కకు వంగుతది. పాయింట్లను నూకుతది."

మా బాపు దగ్గర పని నేర్చుకునేటప్పుడు అతుకులో సందు కనిపిస్తే ఉలి పిడితో వేళ్ల మీద కొట్టేవాడు. యాభై ఏళ్లుగా సందు లేకుండా కొడుతున్నాను. అదే నా పేరు. తేమకు చెక్క పొంగుతుందని తలుపుకు దారి వదులుతాను, మరి పట్టాకు ఎందుకు వదల్లేదు? ఇనుము గట్టిది, కదలదు అనుకున్నాను.

"గోరు అంచు దూరేంత ఇడువు. ఎండల చూసినా కొంచెం దూరాలె. అస్సలే దూరకపోతే నూకుతున్నట్టే."

మే 17

రంపం పట్టుకొని కూర్చున్నాను. చెయ్యి రాలేదు.

మే 18

కోశాను. పద్నాలుగు అతుకులు. మొదటిది కోసేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుకున్నాను. సన్న బ్లేడు, ఆకురాయి, గోరు పెట్టి చూడడం. సందు దగ్గర కరెంటు ఆగకుండా సలీం అడుగున తీగలు కలిపాడు.

"నీ పని మీద నువ్వే రంపం పెట్టుకునేది మొదటిసారి చూస్తాండా" అన్నాడు.

"కూతురు జెప్పింది" అన్నాను.

"అట్లైతే కొయ్యి కొయ్యి. ఇంజనీరమ్మ మాట!"

మే 19

ఇది రాయకుండా ఉండలేను.

అర్బాబ్ వచ్చాడు. గావా, వాళ్ల కాఫీ, తాగుతూ కూర్చున్నాడు. బండి నడిపాను. టక్-టక్... టక్-టక్... పెట్టె పెట్టెకూ. ప్రతి సందు దగ్గరా చక్రాలు పలుకుతున్నాయి. నాకు భయం వేసింది, ఇదేం చప్పుడని తిడతాడేమోనని.

ఆయన చిన్న కప్పు కింద పెట్టేశాడు. "నజ్జార్, యే ఆవాజ్ కహాఁ సే ఆయా?" ఈ చప్పుడు ఎక్కడిదని అడిగాడు. నజ్జార్ అంటే వడ్రంగి, ఇన్నేళ్లుగా ఆయన నోట నా పేరు అదే. పట్టాలు కోశానని చెప్పాను. కోశానా అని కోపం రాలేదు. దగ్గరికి వచ్చి చెవి బల్లకు ఆనించాడు, అంత పెద్దమనిషి!

"పెహలే గూంగీ థీ" అన్నాడు. ఇన్నాళ్లూ మూగబండి అట.

పూనా పోయే బండిలో పై బెర్తు మీద పడుకొని వాళ్ల అన్న ఈ చప్పుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేవాడట. చెబుతూ చెబుతూ తనూ వేళ్లు మడుస్తున్నాడు. నేనూ మడిచాను. ఇద్దరు ముసలివాళ్లం.

నేను సిగ్గనుకున్న సందు ఇది! ఆయన ఇన్నాళ్లూ వెతికింది ఇది!

మే 21

రేపే. పొద్దున నలభై చుట్లు. పడలేదు. కొత్త చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను, రేపటికి కాదు, ఒకటో తారీకుకు.

మే 22, శుక్రవారం

మజ్లిస్ ఏసీ తెల్లవారుజామున ఆగిపోయింది. సలీం విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు, లోపలి సామాను మార్చాలట. శుక్రవారం ఏ షాపూ తీయదు. ఫ్యాన్లు రెండు పెట్టాం, వేడి గాలి కొడుతున్నాయి.

అన్నగారు వచ్చేశాడు. నమాజు అయింది. పక్క గదిలో భోజనాలు. నేను బల్ల పక్కన స్టూలు మీద కూర్చొని రాస్తున్నాను. చెమట కాగితం మీద పడుతోంది.

పట్టా మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. ఒక్కొక్క సందులో గోరు పెట్టి చూశాను. పదమూడింటిలో కొంచెం దూరుతోంది. పాయింట్ల పక్కది — దూరడం లేదు.

ఊరికే తాకిందా, నూకుతోందా... కళ్లతో తెలియదు. కంటికి సూటిగానే ఉంది. టేకు ముక్క అక్కడ జారుతోంది, కానీ కొంచెం ఆగి జారుతోంది. బ్లేడు జేబులోనే ఉంది. ఇప్పుడు కోస్తే పొడి నాలుక పట్టాలో పడుతుంది. కోయకపోతే...

"ఏందన్నా, కోస్తావా?" సలీం.

"తడిగుడ్డ తే" అన్నాను. పట్టా మీద వేశాను. చల్లబడుతుందేమో. అర నిమిషంలో తుడిచేయాలి.

ఫోన్ మోగింది. రజిత మెసేజ్. "బాపూ, ఏ దిక్కు కిటికి కాడ కూసుంటవ్? నేను గా దిక్కే నిలవడుత."

చేతులు కడుక్కుంటున్న చప్పుడు. చెప్పుల చప్పుడు. గుడ్డ తీశాను. గోరు పెట్టాను...

అర్బాబ్ పిలుస్తున్నాడు.