తొమ్మిది జతలు, తొమ్మిది విజిళ్లు

ఓబులమ్మక్కకు తమ్ముడు మద్దిలేటి దండాలు. చెయ్యి వణికి అక్షరాలు చీమల్లా వచ్చాయి, అద్దాలు పెట్టుకుని చదువు.

పోయినేడు తిరునాళ్ల బండలాగుడు పోటీలో రెఫరీగా కూర్చుని నిద్రపోయాను కదా. ఇరవై నిమిషాల గడువు దాటినా విజిల్ పడక, రెండు ఊళ్ల ఎద్దులవాళ్లు కొట్టుకోబోయారు. ఈసారి కమిటీతో పోట్లాడి మళ్లీ నేనే కూర్చున్నాను. నిన్న తొమ్మిది జతలు లాగాయి, ఒక్క కునుకు తీయలేదు!

పగటి మత్తు సోమరితనం కాదు, పార్కిన్సన్ జబ్బు వల్లేనని కర్నూలు డాక్టరమ్మ చెప్పింది. ఒక మాత్ర మార్చింది. పొద్దున ఎండలో నడక, మధ్యాహ్నం అరగంటే పడక, సాయంత్రం కాఫీ బంద్. కలలో ఎద్దులను అదిలిస్తూ నీ మరదలిని తన్నేవాణ్ణి, ఇప్పుడు మంచాలు వేరు చేశాం. పాపం, తనూ హాయిగా నిద్రపోతోంది.

అసలు సంగతి విను. ఏడాదంతా నన్ను 'నిద్ర రెఫరీ' అని ఎగతాళి చేసిన చెన్నకేశవులు, నిన్న భోజనం చేసి, బండ లాగిన దూరం కొలిచే టేపు చేతిలో పట్టుకునే గురక పెట్టాడు. నేనే వెళ్లి భుజం తట్టాను. "లెయ్యప్పా, జత కట్టినారు. నీకూ శానా నిద్దరొస్తాంటే చెప్పు, మా డాక్టరమ్మ కాడికి పోదాం" అన్నాను. జనం ఒకటే ఈలలు!

బావ మోకాలు ఎట్లుంది? కొర్రలు రెండు కిలోలు పంపు. పిల్లలు చల్లగా ఉండాలి. పోయినేడు సిగ్గుతో నీకిచ్చేసిన నాయన విజిల్ ఆ కొర్రల మూటలోనే పెట్టు. నిన్న ఊదింది అరువుది.