ముప్ఫై ఒకటో కాలిబాట

నేను, హిల్డా మేబెల్ వౌల్స్, వయసు డెబ్బై ఒకటి, అవివాహితను, సామర్సెట్ కౌంటీ ఓవర్ పెంఫర్డ్ గ్రామ వాస్తవ్యురాలిని. మోకాళ్ళు నా మాట వినడం మానేసినా తల ఇంకా వింటోంది కనుక, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి. ఆ రెండూ ఇందుమూలంగా రద్దు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఊరి పారిష్ కౌన్సిల్‌కి క్లర్కుగా ఊరందరి కాగితాలూ రాసినదాన్ని, నా కాగితానికి వకీలు అక్కర్లేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అక్క కొడుకు రోడెరిక్ పెర్రీది. వాడు తొందరపడి ఏ పనీ చెయ్యడు. ఆ మాటకొస్తే నిదానంగా కూడా ఏ పనీ చెయ్యడు. అయినా నా వాళ్ళంటూ మిగిలింది వాడొక్కడే.

2. నేను నివసిస్తున్న రాతి ఇల్లు, దాని వెనక ఆపిల్ తోట, వంటపాత్రలు, గడియారం, పిల్లి సహా సదరు రోడెరిక్‌కి దఖలు పరుస్తున్నాను. అతడు సర్వహక్కులతో అనుభవించవలసినది, ఏడో క్లాజులోని షరతుకు లోబడి. పిల్లికి ఏ షరతూ లేదు, అది ఎవరికీ లోబడదు.

3. తొమ్మిదో కాలిబాట మీద ఉన్న పొలం గేటుకి ‘ఆబోతు ఉంది, జాగ్రత్త’ అని పంతొమ్మిదేళ్ళుగా బోర్డు వేలాడదీసిన రైతు ఎర్నెస్ట్ గప్పీకి: ఆ పొలంలో ఈ పంతొమ్మిదేళ్ళలో ఆబోతు కాదు గదా దూడ కూడా లేదని ఊరందరికీ తెలుసు. కౌన్సిల్ తరఫున నేను పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ “ఇవాళ వేరే పొలంలో ఉందండీ” అని ఒకటే జవాబు. ఆ లేని ఆబోతు మేతకి ఏటా ఒక ఎండుగడ్డి మోపు నా ఆస్తిలోంచి అందజేయవలసినది. రసీదు మీద ఆబోతే సంతకం పెట్టాలి.

4. ఆదివారాలు పట్నం నుంచి బస్సు దిగి, మెడలో మ్యాపులు వేసుకుని మన దారుల్లో నడిచే బృందానికి నేను ఆస్తి ఏమీ ఇవ్వడం లేదు. నా గోడ మీద కూర్చుని సాండ్‌విచ్‌లు తినే హక్కు మాత్రం ఇస్తున్నాను, ఎలాగూ తింటున్నారు కనుక. గేటు మూసి వెళ్ళాలి. మూయనివాళ్ళ బూట్లలోకి నీళ్ళు పోవుగాక.

5. 1951లో ఈ గ్రామం కాలిబాటలను నడిచి కొలిచినప్పుడు వాడిన పెద్ద మ్యాపు, నేను నింపిన ముప్ఫై కార్డులు కౌంటీ దస్తావేజుల భవనానికి చెందవలసినవి. ఆ కార్డులతోబాటు కింది క్లాజును కూడా భద్రపరచవలసినది. అది నా వాంగ్మూలం.

6. ఆ ఏడాది ప్రభుత్వం ప్రతి ఊరినీ అడిగింది: మీ ఊళ్ళో జనం తరతరాలుగా నడిచే దారులేవో రాసి పంపండి, మ్యాపుకెక్కినది దారి, ఎక్కనిది కాదు అని. అప్పటి క్లర్కు మా నాన్న. ఆయన కాలి నొప్పితో మంచం దిగలేడు. ఇరవై ఐదేళ్ళ దాన్ని, సంచీలో పెన్సిలూ రొట్టే వేసుకుని నేనే ప్రతి దారీ నడిచాను. ఊళ్ళో దారులు ముప్ఫై ఒకటి, దారికో కార్డు. నేను నింపినవి ముప్ఫై కార్డులు.

రాయని దారి మా తోటలోంచి పోయేది. హద్దులు: తూర్పున మా వంటింటి గోడ, పడమట వాగు మీది పలక వంతెన, దక్షిణాన ఆపిల్ చెట్ల మూడో వరస, ఉత్తరాన గప్పీల కంచె. వంతెన దాటితే ఒకే ఒక్క ఇల్లు, డోర్కస్ హెంబ్రోది. ఆ దారిన ఆమె చర్చికీ కొట్టుకీ పావుగంటలో వచ్చేది. దారి లేకపోతే రోడ్డు చుట్టూ తిరిగి గంటంపావు.

ఎందుకు రాయలేదో కూడా చెప్పాలి. మా అన్న యుద్ధంలో పోయాక అమ్మ మనసు స్థిమితంగా లేదు. తోటలో తేనెటీగల పెట్టెల పక్కన కూర్చుని అన్నతో మాట్లాడుతుండేది. పొలాలకి ఆ దారిన అడ్డంపడి పోయేవాళ్ళు ఆగి చూసేవారు, కొందరు నవ్వేవారు. “ఏవమ్మా, అబ్బాయి ఏమంటున్నాడు?” అని ఒకడు అడిగాడు, నేను వంటింట్లోంచి విన్నాను. నా ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి కట్టలోంచి ముప్ఫై ఒకటో కార్డు నింపకుండానే తీసి పొయ్యిలో వేశాను. మ్యాపు అచ్చయి వచ్చాక తీగ కట్టించాను, ముళ్ళచెట్లు నాటాను. నవ్వినవాళ్ళకి వేరే దార్లున్నాయి. దారి పోయింది డోర్కస్ ఒక్కదానికే.

ఆమె ఎప్పుడూ నవ్వలేదు. చర్చి నుంచి వస్తూ బుట్ట కింద పెట్టి అమ్మ పక్కన కూర్చుని మా అన్న సంగతులు అడిగేది. తీగ కట్టాక అమ్మ రెండేళ్ళు బతికింది. “ఆ పిల్ల రావట్లేదేమే?” అని వారానికోసారి అడిగేది. పనిలో ఉందేమోలే అనేదాన్ని. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి సిగ్గుపడ్డాను.

డోర్కస్‌కి చదువు రాదు, పేరు రాయడం మటుకు వచ్చు. దారి కావాలని కౌన్సిల్‌కి అర్జీ పెట్టాలంటే నా దగ్గరికే రావాలి. 1954, 1961, 1973, 1986. నాలుగుసార్లు వచ్చింది. “నీ చేతిరాత ముత్యాలు తల్లీ, ఒక్క ముక్క రాసిపెట్టు” అనేది. నేనే రాశాను, బాగా రాశాను. దానికి జవాబు రాయాల్సిన క్లర్కునీ నేనే. ‘మ్యాపులో చూపబడని దారి లేనట్లుగా పరిగణించబడును’ అని రాసి, సంతకం పెట్టి, పోస్టు చేశాను. ఆ జవాబు చదివించుకోవడానికి మళ్ళీ నా దగ్గరికే వచ్చేది. చదివి వినిపించాను. నాలుగుసార్లూ నన్నే ఓదార్చింది: “మ్యాపులో లేదంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే.”

కాబట్టి, ఆ దారి అనాదిగా ఉండేదనీ, నేను బుద్ధిపూర్వకంగానే దాన్ని వదిలేశాననీ ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.

7. నా మరణానంతరం సదరు రోడెరిక్ మూడు నెలల్లోగా తీగ తీయించి, ముళ్ళచెట్లు కొట్టించి, ఆ దారిని శాశ్వతంగా ప్రజలకి వదిలెయ్యవలసినది. “పిన్నీ, ఎవరెవరో మన పెరట్లోంచి పోతే ఇల్లు ఎవరు కొంటారు?” అని వాడు నిరుడు ఈస్టర్‌కి వచ్చినప్పుడు అడిగాడు. కొననివాళ్ళు కొనకపోతారు. వాడికీ ఇష్టం లేకపోతే ఇల్లూ తోటా అనాథ గాడిదల ఆశ్రమానికి చెందవలసినవి.

8. పై క్లాజును కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాను. కారణం: రాసి తడి ఆరేదాకా కూర్చుంటే లెక్క తట్టింది. నాకు డెబ్బై ఒకటి, డోర్కస్‌కి డెబ్బై ఏడు. నేను పోయాక తెరిచే దారి ఆమెకి దేనికి? చచ్చాక క్షమాపణ చెబుదామనుకున్నాను, ఎంత పిరికిదాన్నో చూడండి.

అందుచేత మొన్న మంగళవారం కౌంటీ దారుల అధికారి ముందు దానపత్రం మీద సంతకం పెట్టాను. ఆ దారి నిన్నటి నుంచే ప్రజలది. తీగ తెంచి, ముళ్ళచెట్లు కొట్టి, కంచె ఎక్కి దాటే పాత మెట్ల బదులు గేటు పెట్టింది మా వీధి సిరిల్ చబ్. డోర్కస్ మోకాళ్ళకి మెట్లు పనికిరావు. రోడెరిక్‌కి ఇల్లు ఆ దారితో సహా వస్తుంది, వాడు దాన్ని మళ్ళీ మూస్తే గాడిదల మాట అలాగే ఉంటుంది.

చదువు రాని మనిషికి ఉత్తరం రాయలేను గనక ఆదివారం రోడ్డు మీదుగా ఆమె ఇంటికి నడిచాను. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను, కార్డు సంగతీ, నాలుగు జవాబుల సంగతీ, అమ్మ అడిగిన మాటా. బుధవారానికి దారి తెరుస్తామన్నాను. గురువారం పది గంటలకి వచ్చి వీలునామాకి సాక్షి సంతకం పెట్టమన్నాను. ఆమె అంతా విని, “పొయ్యి మీద కెటిలుంది” అని లోపలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

సాక్షికి ఆస్తి చెందకూడదని చట్టం. డోర్కస్‌కి ఈ కాగితంలో ఒక్క చెంచా కూడా రాయకపోవడానికి కారణం అదే, మరొకటి కాదు. ఆమె రాకపోతే సిరిల్‌తోబాటు పోస్టుమనిషి సంతకం పెట్టవలసినది.

9. ఇది గురువారం, సంతకాలకి ముందు, సాక్షులిద్దరూ వంటింట్లో ఉండగా రాస్తున్నది. పది అయింది, పదిన్నర అయింది. సిరిల్ మూడు ముక్కల కేకు తిని కిటికీ వంక చూడ్డం మానేశాడు. నేను మానలేదు. కొత్త గేటు కదల్లేదు. పదకొండుంబావుకి వీధి తలుపు చప్పుడైంది. డోర్కస్, బూట్లకి రోడ్డు బురద, చెమటలు కక్కుతూ, రొప్పుతూ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. “దారి తెలియక కాదు. ఎంతసేపు పడుతుందో నువ్వు కూర్చుని చూడాలని అట్నుంచి వచ్చా” అంది. ఏడ్చాను, ఆమె ఆపమనలేదు. తరవాత “సంతకం ఎక్కడో చూపించు, పోయేటప్పుడు తోటలోంచి పోతా” అంది. ఆమెకి ఈ కాగితం మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదివి వినిపించాను, ఈసారి ఏదీ దాచకుండా. ఆరో క్లాజు రెండుసార్లు చదివించుకుంది.

పై సంగతులన్నీ నా ఇష్టప్రకారమే రాసినవని ఒప్పుకుంటూ, 1997 అక్టోబరు 16న, ఓవర్ పెంఫర్డ్‌లో, కింది ఇద్దరి కళ్ళెదుట సంతకం చేశాను.

(సం.) హిల్డా మేబెల్ వౌల్స్

సాక్షులు:

(సం.) సిరిల్ చబ్, వడ్రంగి. చిరునామా: చర్చి వీధి, ఓవర్ పెంఫర్డ్.

(సం.) డోర్కస్ హెంబ్రో, విధవ. చిరునామా, ఆమె చెప్పగా సిరిల్ రాసినది: ముప్ఫై ఒకటో కాలిబాట చివరి ఇల్లు, ఓవర్ పెంఫర్డ్.